దాచేకొద్దీ ముదురుతుంది!

సోషల్ మీడియాలో మగవాళ్లు చొక్కా లేకుండా కనిపిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అదే రొమ్ము క్యాన్సర్‌ను ఎలా గుర్తించాలో చెప్పే వీడియో పెడితే మాత్రం ‘నగ్నత్వం’ పేరుతో తొలగించేస్తున్నారు. ఇదేదో హక్కుల గొడవ, మనకెందుకులే అనుకోకండి. చూడకూడనిదిగా, పలకకూడనిదిగా ముద్ర పడ్డ అవయవానికి జబ్బు చేస్తే అది బయటపడేదీ ఆలస్యంగానే!

ఆమె వయసు 48. పక్క మండలం నుంచి కూతుర్ని తోడు తీసుకుని మా జనరల్ మెడిసిన్ ఓపీకి వచ్చింది. ‘‘గుండెలో నొప్పి డాక్టరమ్మా’’ అంది. ఎన్నాళ్లయిందని అడిగితే ‘‘ఏడెనిమిది నెలలు’’ అంది. చేతి సంచిలో అప్పటికే రెండు ఈసీజీలు, ఒక టూడీ ఎకో రిపోర్టు ఉన్నాయి. అన్నీ నార్మల్. ఊళ్లో గ్యాస్ మాత్రలు ఇచ్చారట. అవి వాడుతూనే ఉంది.

బీపీ, షుగర్ చూసి, మరోసారి ఈసీజీ తీయమని పంపాను. రెండు నిమిషాలకే సిస్టర్ తెర పక్కకు జరిపి ‘‘మేడం, మీరోసారి రండి’’ అని పిలిచింది. ఈసీజీ తీయాలంటే ఎడమ రొమ్ము కింద, పక్కన లీడ్లు అతికించాలి. అంతకుముందు రెండుసార్లూ ఆమె పైట తీయనివ్వలేదట. చీర కిందనుంచే చెయ్యి పెట్టి కానిచ్చారు. ఈసారి సిస్టర్ ఒప్పించి పైట తీయించింది. రొమ్ము మీద చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడి ఉంది. లోపల నిమ్మకాయంత గట్టి గడ్డ. చంకలో ఇంకొకటి.

‘‘గుండె అంటే ఇదా అమ్మా?’’ అని అడిగాను.

‘‘మరేమని చెప్పమంటారు? ఆ మాట నోటితో ఎలా అంటాం?’’ అంది.

కూతురు డిగ్రీ చదువుతోంది. అమ్మకు గడ్డ ఉందని రెండు నెలల నుంచీ తెలుసు. ‘‘ఫోన్‌లో వెతికాను మేడం. ఒక వీడియో తెరిస్తే వయసు నిరూపించుకోమంది. ఇంకొకటి తొలగించామని వచ్చింది. ఆ ఫోన్ అన్నయ్య కూడా చూస్తాడు. ఇవన్నీ వెతికానని తెలిస్తే బాగుండదని ఆపేశాను’’ అంది.

ఆమె జబ్బు ముదరడానికి ఫోనే కారణమని నేను అనను. పేదరికం, దూరం, భయం, పొలం పనులు.. కారణాలు చాలా ఉంటాయి. కానీ ఆ అమ్మాయి మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అలాంటి అనుభవం మాకూ ఎదురైంది.

మా వీడియో ఏమైంది?

అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం. ఒక ఏడాది మా హౌస్‌సర్జన్లు, నేను కలిసి తెలుగులో రెండు నిమిషాల వీడియో తీశాం. అందులో మనిషి కూడా లేదు. నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పే రబ్బరు బొమ్మ మీద వేళ్లు ఎలా ఆనించాలో, ఏ మార్పులు చూడాలో చూపించాం. సాయంత్రం ఒక సోషల్ మీడియా వేదికలో పెట్టాం. తెల్లారేసరికి లేదు. ‘నగ్నత్వానికి సంబంధించిన మా నిబంధనలకు విరుద్ధం’ అని సందేశం వచ్చింది. అప్పీలు చేశాం. వీడియో తిరిగి కనిపించేసరికి నవంబరు వచ్చేసింది. మా శిబిరాలు అప్పటికే ముగిసిపోయాయి.

ఆ మధ్య రోజుల్లో అదే వేదికలో నా ఫోన్ నాకేం చూపించిందో చెప్పనా? చొక్కా విప్పి కండలు చూపించే జిమ్ వీడియోలు. హీరోయిన్ నడుము మీదే కెమెరా తిరిగే పాటల ముక్కలు. వాటికి ఏ అడ్డూ లేదు. ఒళ్లు వినోదానికైతే సరే, వైద్యానికైతే కుదరదన్నమాట!

ఒకే అవయవం, రెండు చట్టాలు

వైద్యురాలిగా ఒక చిన్న విషయం చెప్పాలి. తల్లి గర్భంలో తొలి వారాల్లో ఆడ, మగ పిండాలు ఒకే తీరున ఎదుగుతాయి. మగ హార్మోన్ల ప్రభావం మొదలయ్యేలోపే చనుమొనలకు పునాది పడిపోతుంది. మగవాళ్లకూ చనుమొనలు ఉండటానికి కారణం ఇదే. యుక్తవయసులో ఈస్ట్రోజెన్ ప్రభావంతో ఆడపిల్లల్లో పాల గ్రంథులు, కొవ్వు పెరుగుతాయి. హార్మోన్ల తేడా వల్ల కొందరు మగవాళ్లలోనూ రొమ్ములు పెరుగుతాయి. దీన్ని గైనకోమాస్టియా అంటాం. మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ కూడా వస్తుంది. మొత్తం కేసుల్లో వీరిది సుమారు ఒక శాతం. అంటే తేడా పరిమాణంలో, పనిలో ఉంది కానీ సభ్యతలో లేదు. సోషల్ మీడియా నిబంధనలు మాత్రం ఒక చనుమొనను మామూలు అవయవంగా, ఇంకోదాన్ని దాచాల్సిన వస్తువుగా విడదీశాయి.

ఈ వింతను అందరికంటే తెలివిగా బయటపెట్టింది అర్జెంటీనాలోని మాక్మా అనే రొమ్ము క్యాన్సర్ స్వచ్ఛంద సంస్థ. రొమ్మును స్వయంగా ఎలా పరీక్షించుకోవాలో చూపిద్దామంటే అప్పట్లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఒప్పుకునేవి కావు. అందుకని 2016లో ఒక లావాటి మగమనిషిని కెమెరా ముందు నిలబెట్టింది. అతడి రొమ్ముల మీద వేళ్లు ఎలా తిప్పాలో, చంకలో ఎలా తడమాలో చూపించింది. నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు! ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. చూసినవాళ్లు నవ్వారు. కానీ అందులో నవ్వాల్సినదాని కంటే సిగ్గుపడాల్సిందే ఎక్కువ. ఆడవాళ్ల ప్రాణాలకు సంబంధించిన పాఠం చెప్పడానికి మగవాడి ఒళ్లు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అదే ఏడాది అక్టోబరులో స్వీడన్‌లో ఇంకో ముచ్చట. స్వీడిష్ క్యాన్సర్ సొసైటీ పెట్టిన వీడియోలో నిజమైన మనుషులు లేరు. రొమ్ములకు బదులు గులాబీ రంగు గుండ్రాలు గీశారు. ఫేస్‌బుక్ దాన్నీ తొలగించింది. ‘అయితే గుండ్రాలు వద్దులెండి’ అంటూ ఆ సంస్థ చతురస్రాలతో రొమ్ములు గీసి బహిరంగ లేఖ రాసింది. తర్వాత ఫేస్‌బుక్ పొరపాటు ఒప్పుకొని క్షమాపణ చెప్పింది.

పొరపాటు చేసేది యంత్రమే.. నేర్పింది మనుషులు

ఇప్పుడు పోస్టుల్ని మొదట వడపోసేది మనుషులు కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు. బ్రెజిల్‌లో 2020 అక్టోబరులో ఒక మహిళ ఇన్‌స్టాగ్రామ్‌లో రొమ్ము క్యాన్సర్ లక్షణాలు వివరించే ఫొటోలు పెట్టింది. ప్రోగ్రాము వాటిని తనంతట తానే తీసేసింది. నిజానికి రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసమైతే చనుమొన కనిపించినా ఫర్వాలేదని అప్పటికే ఆ సంస్థ నిబంధనల్లో ఉంది. కానీ యంత్రానికి గులాబీ రంగూ తెలియదు, పక్కన రాసిన పోర్చుగీసు మాటలూ అర్థం కాలేదు.

ఈ కేసు ఫేస్‌బుక్ ఏర్పాటు చేసిన ఓవర్‌సైట్ బోర్డుకు వెళ్లింది. తొలగించడం తప్పేనని 2021 జనవరిలో బోర్డు తీర్పు చెప్పింది. ఆడ, మగ చనుమొనలకు వేర్వేరు నిబంధనలు పెట్టి, వాటిని తప్పులు చేసే యంత్రాల చేతికి అప్పగిస్తే నష్టపోయేది ఎక్కువగా ఆడవాళ్లేనని స్పష్టంగా చెప్పింది. స్త్రీ, పురుష భేదం మీద ఆధారపడిన నగ్నత్వ నిబంధనల్ని మార్చుకోవాలని 2023 జనవరిలో మరో కేసులో మెటాకు సిఫార్సు చేసింది.

యంత్రం ఎలా చూస్తుందో బ్రిటన్ పత్రిక గార్డియన్ 2023లో పరీక్షించి చూపింది. గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటి సంస్థల ప్రోగ్రాములకు రకరకాల ఫొటోలు ఇచ్చారు. ఇంచుమించు ఒకే తరహా ఫొటోల్లో మగవాళ్లకంటే ఆడవాళ్లవి ఎక్కువ ‘రెచ్చగొట్టేవి’గా తేలాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యశిక్షణ కోసం ఇచ్చిన రొమ్ము పరీక్ష ఫొటోను కూడా అవి అసభ్యంగానే లెక్కగట్టాయి. వ్యాసకర్తల్లో ఒకరైన మగవ్యక్తి చొక్కా లేకుండా దిగిన ఫొటోకు తక్కువ మార్కులు వేసిన ప్రోగ్రామే, అతడు బ్రా వేసుకోగానే మార్కులు అమాంతం పెంచేసింది. ఒళ్లు అదే, మనిషీ అతడే! యంత్రానికి పుట్టుకతో సిగ్గూ ఎగ్గూ ఉండవు. మనుషులు ఏ ఫొటో మీద ఏ ముద్ర వేసి చూపించారో దాన్నే నేర్చుకుంది.

ఇది రొమ్ముతోనే ఆగదు. పంజాబ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన కవయిత్రి రూపీ కౌర్ 2015లో నెలసరి మరక అంటిన దుస్తులతో మంచం మీద పడుకున్న ఫొటో పెడితే ఇన్‌స్టాగ్రామ్ రెండుసార్లు తొలగించి, ఆనక పొరపాటని క్షమాపణ చెప్పింది. సెంటర్ ఫర్ ఇంటిమసీ జస్టిస్ అనే అమెరికా సంస్థ 2022లో మహిళల ఆరోగ్య ఉత్పత్తులు, సేవలు అందించే 60 సంస్థల్ని ఆరా తీస్తే, అన్నింటి ప్రకటనల్నీ ఫేస్‌బుక్ ఏదో ఒక సమయంలో తిరస్కరించినట్టు తేలింది. మెనోపాజ్, కాన్పు తర్వాతి కటి నొప్పి గురించిన ప్రకటనలు కూడా ‘పెద్దల వ్యవహారం’ అయిపోయాయి. మగవాళ్ల అంగస్తంభన సమస్య మందుల ప్రకటనలు మాత్రం దర్జాగా వచ్చాయి.

పాలిచ్చే తల్లికీ తప్పలేదు

మా ఆసుపత్రి పిల్లల ఓపీకి ఉదయం పది గంటలకు ఒకసారి వచ్చి చూడండి. బెంచీల మీద, మెట్ల మీద, చెట్టు కింద పది మంది తల్లులు పైటచాటున పాలిస్తూ ఉంటారు. పక్కనే తాతలు, తండ్రులు, సెక్యూరిటీ గార్డు. ఎవరూ పట్టించుకోరు. ఇలా పట్టించుకోకపోవడమే అసలైన మర్యాద.

ఫేస్‌బుక్‌లో ఇదే దృశ్యం ఏళ్లపాటు నేరమైంది. పాలిచ్చే ఫొటోలు తొలగిస్తున్నారని 2008 డిసెంబరులో తల్లులు పెద్దఎత్తున నిరసన తెలిపారు. రొమ్ము తీసేశాక మిగిలిన మచ్చల ఫొటోల కోసం 2013లో క్యాన్సర్ రోగులు గట్టిగా పోరాడారు. ఆ తర్వాతే నిబంధనలు సడలించారు. ఇప్పుడు పాలివ్వడం, కాన్పు, క్యాన్సర్ అవగాహన, ఆపరేషన్ మచ్చలు వంటివాటికి మినహాయింపు ఉంది. కానీ కాగితం మీద ఉన్న మినహాయింపు యంత్రానికి ప్రతిసారీ గుర్తుండదు.

మన దగ్గరా ఈ చర్చ జరిగింది. కేరళలో ఒక మహిళా పత్రిక 2018లో పాలిచ్చే తల్లి రూపంలో ఉన్న మోడల్ ఫొటోను ముఖచిత్రంగా వేస్తే అశ్లీలమంటూ కోర్టుకెక్కారు. అందులో అశ్లీలమేమీ లేదని కేరళ హైకోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. 2023లో మరో కేసులో అదే హైకోర్టు, మగవాళ్ల ఒంటి పైభాగం కనిపిస్తే మామూలుగా చూసేవాళ్లు ఆడవాళ్ల విషయంలో మాత్రం దాన్ని శృంగారంతో ముడిపెడుతున్నారని వ్యాఖ్యానించింది.

దీనివల్ల వైద్యపరంగా నష్టం ఏమిటంటారా? బిడ్డకు పాలు పట్టించడం వినగానే వచ్చేసే విద్య కాదు. చూసి నేర్చుకోవాలి. బిడ్డ నోరు పెద్దగా తెరవాలి. చనుమొన ఒక్కటే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. ఇలా పట్టకపోతే చనుమొనలు పగులుతాయి, పాలు గడ్డకడతాయి, తల్లి నొప్పికి ఓర్వలేక డబ్బా పాలకు మళ్లుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న పిల్లలు 42 శాతమే. చనుమొన కనపడకుండా మసక వేసిన వీడియోతో ఈ పాఠం చెప్పడం, స్టీరింగ్ కనపడకుండా కారు నేర్పినట్టే.

అసలు సెన్సార్ మన ఇంట్లోనే

అమెరికాలోని కంపెనీల్ని అనేముందు మన ఇళ్లూ చూసుకోవాలి. మా వీడియోను నేను మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. పది నిమిషాల్లో మా బాబాయి వరసాయన ఫోన్ చేసి ‘‘ఏంటమ్మా, పిల్లలూ పెద్దలూ ఉండే గ్రూపులో ఇలాంటివా?’’ అన్నాడు. అదే గ్రూపులో భార్యల మీద, మరదళ్ల మీద బూతు జోకులు ప్రతి ఆదివారం వస్తూనే ఉంటాయి. వాటికి నవ్వు బొమ్మలు పెట్టేవాళ్లలో ఆయనా ఉంటాడు. ఆయన చెడ్డవాడు కాదు. రొమ్ము అనే మాటను జోకులో తప్ప జబ్బుగా వినడం ఆయనకు అలవాటు లేదంతే.

ఆడవాళ్లు ఓపీలో ఈ జబ్బును ఎన్ని పేర్లతో చెబుతారో! ‘గుండెలో గడ్డ’, ‘ఎద దగ్గర బరువు’, ‘లోపల వాపు’, ‘అక్కడ’, ‘పైన’. కొందరైతే మాట కూడా లేకుండా వేలితో చూపిస్తారు. మగ డాక్టరైతే అదీ ఉండదు. ‘నీరసంగా ఉంది’ అని చెప్పి బీకాంప్లెక్స్ రాయించుకుని వెళ్లిపోతారు. మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు కూడా ఇదే తంతు. ‘ఆడవాళ్ల జబ్బు నాకు వచ్చిందంటే నవ్వుతారు’ అని దాచేస్తారు. ఈ సిగ్గుకు ఆడ, మగ తేడా లేదు.

ఆలస్యం ఖరీదు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సుమారు 98 వేల మంది చనిపోయారు. మన మహిళల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే.

మన క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలతో 2024లో వెలువడిన విశ్లేషణ చూస్తే ఆలస్యం ఏం చేస్తుందో తెలుస్తుంది. జబ్బు రొమ్ముకే పరిమితమై ఉండగా పట్టుకుంటే అయిదేళ్ల తర్వాత జీవించి ఉండే అవకాశం సుమారు 81 శాతం. చుట్టుపక్కల లింఫ్ గ్రంథులకు పాకితే సుమారు 65 శాతం. ఎముకలు, ఊపిరితిత్తుల వంటి దూర భాగాలకు చేరితే 18 శాతమే. అదే మనిషి, అదే జబ్బు. మారింది ఆసుపత్రికి వచ్చిన తేదీ మాత్రమే.

చూసి, తాకి పరీక్షిస్తే ఫలితం ఉంటుందా? ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి దాదాపు 1.5 లక్షల మంది మహిళలతో 20 ఏళ్లపాటు అధ్యయనం చేసింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతులతో రొమ్ములు పరీక్షించారు. అలా చేసినవారిలో క్యాన్సర్ ముందు దశల్లోనే దొరికింది. 50 ఏళ్లు పైబడినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాల్లో అలాంటి తగ్గుదల కనిపించలేదు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా, తెలిసిన చెయ్యి చాలా మేలు చేస్తుందని దీనర్థం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. చైనాలోని షాంఘైలో 2.66 లక్షల మంది మహిళా కార్మికులతో చేసిన అధ్యయనంలో, స్వీయ పరీక్ష నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. అనవసర బయాప్సీలు పెరిగాయి. అందుకే ఇప్పుడు వైద్యులు స్వీయ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పడం లేదు. మీ రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలిసి ఉండాలి, మార్పు వస్తే వెంటనే చూపించుకోవాలి అంటున్నాం.

ఈ మార్పులు కనిపిస్తే ఆగకండి

• రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గడ్డ. ముఖ్యంగా గట్టిగా, కదలకుండా ఉంటే. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందిలో నొప్పి పెట్టదు.

• చర్మం లోపలికి లాగినట్టు సొట్ట పడటం, బత్తాయి తొక్కలా మారడం.

• చనుమొన కొత్తగా లోపలికి పోవడం. పుట్టుకతోనే అలా ఉంటే భయం లేదు.

• పాలిచ్చే రోజులు కాకపోయినా చనుమొన నుంచి రక్తం, నీరు కారడం.

• చనుమొన మీద మానని పుండు, తామరలా పొట్టు రాలడం.

• ఒక రొమ్ము ఆకారం, పరిమాణం కొత్తగా మారడం, ఎర్రబడి వేడెక్కడం.

ఎలా చూసుకోవాలి? నెలసరి వచ్చేవారు అది ఆగిన మూడు నాలుగు రోజులకు, ఆగిపోయినవారు ప్రతి నెలా ఒకే తేదీన చూసుకోండి. అద్దం ముందు చేతులు కిందికి వదిలి ఒకసారి, పైకెత్తి ఒకసారి, నడుం మీద గట్టిగా ఆనించి ఒకసారి చూడండి. తర్వాత పడుకుని, మూడు మధ్య వేళ్ల మెత్తటి భాగంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ తడమండి. మెడ కింది ఎముక నుంచి రొమ్ము కింది మడత వరకు, ఛాతీ మధ్య నుంచి చంక వరకు ఏ భాగాన్నీ వదలొద్దు. ఎడమ రొమ్మును కుడి చేత్తో, కుడి రొమ్మును ఎడమ చేత్తో చూసుకోవాలి.

గడ్డ దొరికితే? కంగారు వద్దు. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించేవి ఫైబ్రోఎడినోమాలు, నీటి తిత్తులు. అయితే ఏది ఏదో చేత్తో తడిమి ఇంట్లో తేల్చుకోలేం. డాక్టరు చూసి, చిన్న వయసు వారికి అల్ట్రాసౌండ్, 40 దాటినవారికి సాధారణంగా మామోగ్రామ్ తీయించి, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్నది అపోహ. దాన్ని నమ్మి నెలలు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

ఎక్కడికి వెళ్లాలి? జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన మహిళలకు అయిదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలి. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి. తల్లికి, అక్కచెల్లెళ్లకు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే, తరచుగా చూపించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష ఉచితం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స చేయించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పరీక్ష సమయంలో మహిళా సిబ్బంది పక్కన ఉండాలని అడగడం మీ హక్కు. మొహమాటపడొద్దు.

మీ ఫోన్‌తో మీరేం చేయొచ్చు?

సోషల్ మీడియాలో వడపోతే వద్దని నేను అనడం లేదు. అనుమతి లేకుండా ఆడవాళ్ల ఫొటోలు పెట్టేవారు, మార్ఫింగ్ చేసేవారు ఉన్నంతకాలం అది కావాల్సిందే. అలాంటిది మీకు జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. కానీ వేధింపుకూ వైద్యానికీ తేడా తెలియని వడపోత ఎవరినీ కాపాడదు.

ఆరోగ్య సమాచారమున్న మీ పోస్టు తొలగిస్తే వదిలేయకండి. అక్కడే అప్పీలు చేయండి. ఇది వైద్య సమాచారమని స్పష్టంగా రాయండి. మన ఐటీ నిబంధనల ప్రకారం ఆ సంస్థలు గ్రీవెన్స్ ఆఫీసర్‌ను నియమించాలి. ఆయన నిర్ణయం సరిగా లేదనిపిస్తే 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. నమ్మదగిన ఆసుపత్రి వీడియో కనిపిస్తే ‘అసభ్యం’ అని రిపోర్టు కొట్టకండి. ఇంట్లో వాళ్లకు పంపండి. మగవాళ్లూ పంపండి. ‘రొమ్ము’ అని నాన్న నోట, అన్న నోట మామూలుగా వినిపించిన ఇంట్లో ఆడపిల్ల ఫోన్ దాచుకుని వెతకాల్సిన పని ఉండదు.

ఇంతకీ ఆమె ఏమైందంటారా? మూడో దశ. ముందు కీమో ఇచ్చి గడ్డను కుదించారు, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్. ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్షలకు వస్తోంది. ముందుముందు ఎలా ఉంటుందో ఇప్పుడే గట్టిగా చెప్పలేం. ఏడు నెలల ముందు వచ్చి ఉంటే ఇంకాస్త ధైర్యంగా చెప్పగలిగేవాళ్లం. కిందటిసారి వచ్చినప్పుడు తన వెంట వాళ్ల వాడకట్టు ఆమెను ఒకరిని తీసుకొచ్చింది. ఓపీ చీటీ రాసే కుర్రాడు ఏమిటి సమస్య అని అడిగితే, ఆ కొత్తామె తల దించుకుంది. ఈమే ముందుకొచ్చి ‘‘రొమ్ములో గడ్డ, రాసుకో బాబూ’’ అంది. ఆ గడ్డ క్యాన్సర్ కాదని పరీక్షల్లో తేలింది.

ఈ రోజు ఇంట్లో అమ్మనో, అక్కనో, భార్యనో ఒక్క మాట అడగండి. ‘ఎప్పుడైనా చూపించుకున్నావా?’ అని. ఏమిటని వాళ్లు అడిగితే పేరు పెట్టే చెప్పండి.